మామను పెట్టిన చోటు: పూర్వీకుల జాడ వెతికే కోయ కుటుంబాలకు కొన్ని మాటలు

మా నాయనమ్మ పోవడానికి ముందు ఏడాది, ఎండాకాలంలో, ఇప్పపువ్వు ఆరబోసిన చాప పక్కన కూర్చుని ఒక మాట అడిగింది. “మా మామను క్యాంపు కాడనే పెట్టిండ్రు. ఆడ రాయి పాతలే. మీరు సదువుకున్నోళ్ళు గదా, ఆ సోటు యాడుందో సూసి రారాదు?”

ఆమె మామ అంటే నాకు ముత్తాత. ఆయన పేరు మా ఇంట్లో అందరికీ తెలుసు. మా అన్న కొడుక్కి ఆ పేరే పెట్టుకున్నాం. ఏ ఊళ్ళో పుట్టాడో, ఏ వాగు పక్కన పోడు కొట్టాడో కూడా చెబుతారు. ఎక్కడ పెట్టారో మాత్రం ఎవరూ చెప్పలేరు. నాయనమ్మ అడిగిన మాట నేను అప్పట్లో పెద్దగా పట్టించుకోలేదు. ఆమె పోయి, దినాలు చేసేటప్పుడు డోలి పెద్దాయన వరుసగా పేర్లు పిలుస్తూ ముత్తాత దగ్గరికి వచ్చి, “ఈయన రాయి ఎక్కడ?” అని అడిగాడు. చుట్టాలంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను వెతకడం మొదలుపెట్టింది ఆ రోజు నుంచే.

మన సంఘం ఈ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ఆ వెతుకులాట గురించే రాద్దామనిపించింది. ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఉన్న కోయ కుటుంబాల్లో ఇలాంటి ప్రశ్న లేని ఇల్లు తక్కువ. పట్నంలో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు ఇప్పుడు వంశవృక్షాలు రాసుకుంటున్నారు. రాస్తూ రాస్తూ మూడో తరం దగ్గర ఆగిపోతున్నారు. ఎటు వెళ్ళాలో, ఎవరిని అడగాలో నాకు తెలిసినంత చెబుతాను.

మొదట ఒక సంగతి తేల్చుకోవాలి. మనం వెతుకుతున్నది సమాధి కాకపోవచ్చు. సమాధి అనగానే సిమెంటు దిమ్మె, పేరు చెక్కిన పలక గుర్తుకొస్తాయి. మన పెద్దల్లో చాలామందిని కాల్చారు, కొందరిని పూడ్చారు. వయసును బట్టి, చావు వచ్చిన తీరును బట్టి, ఊరి అలవాటును బట్టి అది మారేది. దుమ్ముగూడెంలో చాలా ఏళ్ళు ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ 1870ల్లో మన ఆచారాల గురించి వ్యాసాలు రాశాడు. థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో కోయల గురించి ఉన్న మాటల్లో చాలా భాగం ఆ కెయిన్ చెప్పినవే. పెద్దవాళ్ళను సాధారణంగా దహనం చేస్తారనీ, ఆవునో ఎద్దునో కోసి దాని తోకను చనిపోయిన మనిషి చేతిలో పెడతారనీ అందులో ఉంది. నెల నిండని పసిబిడ్డలను ఇంటి పక్కనే, చూరు నీళ్ళు ఆ మట్టి మీద పడేలా పూడ్చేవారట. అలా చేస్తే ఆ తల్లిదండ్రులకు మళ్ళీ బిడ్డ పుడుతుందని నమ్మకం.

కెయిన్ బయటివాడు. తన మతం పని మీద వచ్చినవాడు. మన పూజారుల గురించి ఆయన వెటకారంగా రాసిన చోట్లు ఉన్నాయి, అవి చదివితే ఒళ్ళు మండుతుంది. అయినా చూరు నీళ్ళ సంగతి చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను. ఎందుకంటే మా నాయనమ్మ కూడా పాత ఊరి గురించి చెప్పేటప్పుడు “మా పెద్దోడు సూరు కింద ఉన్నడు” అనేది. నేను చిన్నప్పుడు అదేదో మాటవరసకు అంటుందనుకున్నాను. ఆమెకు నా తండ్రి కంటే ముందు ఒక కొడుకు పుట్టి పోయాడన్న సంగతి నాకు అలా, నూట నలభై ఏళ్ళ నాటి ఒక పరాయివాడి రాతలో తెలిసింది.

కాబట్టి గుంత కోసం వెతికితే దొరకదు. వెతకాల్సింది గుర్తు కోసం. మా వైపు పెద్దవాళ్ళకు ఊరి బయట, చెట్టు నీడన ఒక రాయి నిలబెడతారు. దాని మీద పేరు ఉండదు, తేదీ ఉండదు. ఏ రాయి ఎవరిదో ఆ ఇంటివాళ్ళకే తెలుసు. చింతూరు, కుంట దాటి బస్తర్ వైపు వెళ్తే మన అన్నదమ్ముల ఊళ్ళలో రోడ్డు పక్కనే వరుసగా నిలువు రాళ్ళు కనబడతాయి. కొన్నింటికి ఇప్పుడు రంగులు వేసి బొమ్మలు కూడా గీస్తున్నారు. మన వైపు రాళ్ళు చిన్నవి, ఆడంబరం లేనివి. పొలం చదును చేసే ట్రాక్టరు డ్రైవరుకు అది మామూలు రాయి. రెండు తరాల్లో ఎన్ని రాళ్ళు గట్ల కింద, ఇళ్ళ పునాదుల్లో కలిసిపోయాయో లెక్క లేదు.

రాళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒక అపోహ గురించీ చెప్పాలి. పినపాక మండలం జానంపేట చుట్టుపక్కల, గుండాల అడవుల్లో, ఇంకా పైకి వెళ్తే తాడ్వాయి దగ్గర దామరవాయిలో పెద్ద పెద్ద బండలతో గదుల్లాగా కట్టిన పాత కట్టడాలు వందల సంఖ్యలో ఉన్నాయి. మనవాళ్ళు వాటిని రాక్షస గుళ్ళు అంటారు. అవి బృహత్ శిలాయుగపు సమాధులని పురావస్తు శాఖవాళ్ళు చెబుతారు. మొన్న ఒక కుర్రాడు వాటి ముందు నిలబడి ఫొటో దిగి “మా ముత్తాతల సమాధులు” అని పెట్టాడు. ఆ ఉత్సాహం నాకు అర్థమవుతుంది. ఈ నేల మీద మొదటి నుంచీ ఉన్నది మనమే అని చెప్పుకోవాలన్న కోరిక అది. కానీ వేల ఏళ్ళ నాటి బండ మన ముత్తాతది అనుకుంటే, నిజంగా ముత్తాతకు పెట్టిన అడుగున్నర రాయిని వెతికే ఓపిక మనకు ఉండదు. మన పెద్దలు వాటిని తమవి అనలేదు, రాక్షసులవి అన్నారు. అందుకే ముట్టుకోకుండా కాపాడారు కూడా. ఇవాళ వాటిని క్వారీలకూ గుప్తనిధుల వేటగాళ్ళకూ వదిలేయకుండా చూసుకోవడం మన పనే, అది వేరే సంగతి.

మరి రాయి ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? కాగితం దగ్గరికి పరుగెత్తకండి. ముందు మీ గట్టు, మీ ఇంటిపేరు, మీ వేల్పు తెలుసుకోండి. మన వైపు కోయలు మూడో గట్టు నుంచి ఏడో గట్టు దాకా ఉంటారని మీకు తెలిసిందే. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు మాత్రమే మనకు గట్టు గుర్తుకొస్తుంది. నిజానికి మన చరిత్ర పుస్తకానికి అట్ట గట్టే. ఒక గట్టులోని ఇంటిపేర్లు ఒక వేల్పు కిందికి వస్తాయి. వేల్పు ఉన్న ఊరు ఒకటి ఉంటుంది. దాన్ని కాపాడే కుటుంబం ఉంటుంది. మనుషులు పోడు వెంట, కరువు వెంట, జబ్బుల వెంట ఊళ్ళు మారారు. వేల్పు మాత్రం తన ఇంటివాళ్ళను వదల్లేదు. మేడారమే చూడండి. పగిడిద్దరాజు పూనుగొండ్లలో పెనక వారి దగ్గర, గోవిందరాజు కొండాయిలో దుబ్బగట్ల వారి దగ్గర, సారలమ్మ కన్నెపల్లిలో కాక వారి దగ్గర ఉంటారు. రెండేళ్ళకోసారి జాతరకు అక్కడి నుంచే బయలుదేరతారు. ఎన్ని తరాలు గడిచినా ఏ వేల్పు ఏ ఇంటిపేరు వారిదో తప్పిపోలేదు. మన చిన్న చిన్న వేల్పులదీ అదే పద్ధతి, కాకపోతే వాటికి బస్సులు వేయరు.

వేల్పు తర్వాత డోలి. ఒక్కో ఇంటిపేరు పుట్టుక, ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచింది, ఏ వాగు దాటింది, ఎవరితో పోరాడింది, ఎక్కడ ఎవరు నేలకొరిగారు, ఇవన్నీ డోలి కోయల నోట ఉంటాయి. త్రికోణంగా ఉండే పడిగె గుడ్డ మీద బొమ్మలుగా ఉంటాయి. చావు దగ్గర, కొలుపు దగ్గర ఆ పడిగె విప్పి, డోలి కొట్టి పాడతారు. మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఈ విద్య గురించి పేపర్లు రాశాయి. ఆయన 2024లో కన్నుమూశారు. ఆయన గొంతులోని పాటల్లో కొన్నింటినైనా పరిశోధకులు రికార్డు చేసుకున్నారు. మిగిలిన డోలి పెద్దలు ఒక్కొక్కరూ పోతున్నారు, వారి కొడుకులు బొగ్గు లారీలు నడుపుతున్నారు. ఒక డోలి పెద్ద పోవడమంటే ఒక మండలం రిజిస్ట్రారు ఆఫీసు తగలబడినట్టే. ఇది పెద్ద మాటలా అనిపిస్తే మీ ఇంట్లో ముత్తాత తండ్రి పేరు చెప్పి చూడండి.

డోలి పెద్దాయన దగ్గరికి వెళ్ళేటప్పుడు ఫోను బయటికి తీసి “మా ముత్తాత సమాధి ఎక్కడ?” అని అడిగితే ఆయన చెప్పడు. చెప్పలేడు కూడా. ఆయనకు తెలిసింది పాట. పాటకు ఒక వరుస ఉంది. మొదటి నుంచి పాడుకుంటూ రావాలి. మా ఇంటిపేరు పాట వినడానికి నేను మూడు రాత్రులు కూర్చున్నాను. మొదటి రాత్రి నేను వచ్చిన పని అసలు ఎత్తలేదు. రెండో రాత్రి ఆయనే మా పాత ఊళ్ళ పేర్లు వరుసగా చెప్పాడు. అందులో నాలుగు ఊళ్ళు ఇప్పుడు మ్యాపులో లేవు. ఒక ఊరి పేరు అయితే ఇప్పుడు ఒక వాగుకు మాత్రమే మిగిలింది. ఆ పేర్లు పట్టుకుని అడవిలోకి వెళ్తే గుర్తులు కనబడతాయి. అడవి మధ్యలో అకస్మాత్తుగా నాలుగైదు ముసలి చింతచెట్లు ఒకచోట ఉన్నాయంటే అక్కడ ఊరు ఉండేదని అర్థం. నేల మీద కుండ పెంకులు, అరిగిన తిరగలి రాయి కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. రాళ్ళు సాధారణంగా ఊరికి కాస్త దూరంగా ఉంటాయి. పశువులు కాసే ముసలివాళ్ళను అడిగితే వేలు పెట్టి చూపిస్తారు. ఫారెస్టు గార్డుకు తెలియని చోట్లు వాళ్ళకు తెలుసు.

ఇక కాగితాలు. ఇక్కడే మనవాళ్ళు ఎక్కువగా దారి తప్పుతారు. కారణం, మన ఊళ్ళు కదలకపోయినా ప్రభుత్వాలు కదిలాయి. మా అమ్మమ్మగారి వాళ్ళది గోదావరికి అవతల, శబరి కలిసే కూనవరం వైపు. ఆ ఊరినే తీసుకోండి. 1860కి ముందు నిజాం రాజ్యంలో ఉండేది. 1860లో బ్రిటిష్ వాళ్ళ చేతికి వచ్చి, సిరోంచ కేంద్రంగా ఉన్న అప్పర్ గోదావరి జిల్లాలో, అంటే సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిసింది. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాకు మార్చారు. నూగూరు, ఆల్బాక, చర్ల మాత్రం 1909 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్‌లోనే ఉండిపోయాయి. తర్వాత తూర్పు గోదావరి. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో పోలవరం ముంపు మండలాలతో పాటు మళ్ళీ ఆంధ్రప్రదేశ్‌కు, తూర్పు గోదావరికి వెళ్ళింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. మా అమ్మమ్మ పుట్టిన గుమ్మం ఒక్క అడుగు జరగలేదు.

అందువల్ల 1865 నాటి మనిషి పేరు నాగపూర్ వైపు కాగితాల్లో ఉండవచ్చు, ఆయన కొడుకు పేరు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో, మనవడి పేరు కాకినాడలో, మునిమనవడి పేరు ఖమ్మంలో. గోదావరికి ఇవతల పాల్వంచ, బూర్గంపాడు, ఇల్లందు వైపు వాళ్ళదైతే నిజాం కాగితాలు. అవి ఉర్దూలో ఉంటాయి, కొన్ని పారసీలో. హైదరాబాదు తార్నాకలో ఉన్న రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్ళాలి. ఉర్దూ చదవగలిగిన మనిషిని వెంట తీసుకెళ్ళండి. అక్కడ నేను ఒకటిన్నర రోజు కూర్చుని అక్షరం ముక్క అర్థం కాక తిరిగొచ్చాను. రెండోసారి ఒక రిటైర్డు ఉర్దూ మాస్టారు సాయం వచ్చారు. ఆయనకు ఇచ్చుకోగలిగింది ఒక సీసా తేనె మాత్రమే.

ఊరి పేరు చూసి మోసపోవద్దు. మణుగూరు దగ్గర ఒక కూనవరం, శబరి దగ్గర ఇంకో కూనవరం ఉన్నాయని పైనే చూశారు. గుండాల పేరుతో ఒక మండలం ఉంది, భద్రాచలం పక్కన ఒక పంచాయతీ ఉంది. మా బంధువొకాయన ఏడాది పాటు వేరే ఊరి కాగితాలు చదివి, వేరేవాళ్ళ తాతను తన తాత అనుకున్నాడు. గట్టు అడిగితే తేలిపోయింది. గట్టు ముందు తెలుసుకోమన్నది ఇందుకే.

కాగితాల్లో మనవాళ్ళు కనబడేది ఎక్కువగా మూడు చోట్ల. పన్ను కట్టనప్పుడు, అడవి కొట్టినప్పుడు, తిరగబడినప్పుడు. బతికినన్నాళ్ళు పట్టించుకోని ప్రభుత్వం కేసు పెట్టినప్పుడు మాత్రం తండ్రి పేరు, ఊరి పేరు శ్రద్ధగా రాసుకుంది. 1879లో రంపలో మొదలైన పితూరీ రేకపల్లి దాకా పాకింది. 1874లో మద్రాసు చేతికి వచ్చాక అక్కడ పోడు పన్ను పెంచడమే దానికి కారణమని అప్పటి అధికారులే రాసుకున్నారు. హెమింగ్వే రాసిన గోదావరి జిల్లా గెజెటీరు 1907లో అచ్చయింది, దాంట్లో ఈ సంగతులు ఉన్నాయి. మన పెద్దల జాడ పోలీసు కాగితంలో దొరికితే సిగ్గుపడకండి. మాకైతే గర్వంగానే అనిపించింది. ఫొటోలు కావాలంటే, 1940ల్లో నిజాం ప్రభుత్వానికి గిరిజన సలహాదారుగా పనిచేసిన హైమన్‌డార్ఫ్ తీసిన చిత్రాలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయ సంస్థ దగ్గర ఉన్నాయి, చాలావరకు ఆన్‌లైన్‌లో చూడవచ్చు. పేరు లేని మొహాలే ఎక్కువ. మీ ఊరి ముసలమ్మకు చూపించండి, పేర్లు ఆమె చెబుతుంది.

ఇప్పుడు నాయనమ్మ చెప్పిన క్యాంపు దగ్గరికి వస్తాను. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. నిజాం రాజ్యం పోయింది. కానీ సాయుధ దళాలు మన అడవుల్లోకి వచ్చాయి, 1951 అక్టోబరులో పోరాటం విరమించే దాకా ఇక్కడే ఉన్నాయి. దళాలకు తిండి పెడుతున్నారని, దారి చూపుతున్నారని సైన్యం, పోలీసులు అడవి లోపలి కోయ గూడేలను ఖాళీ చేయించారు. గుడిసెలు తగలబెట్టి జనాన్ని రోడ్డు పక్క క్యాంపులకు తోలారు. పుచ్చలపల్లి సుందరయ్య గారు తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో ఈ క్యాంపుల గురించి ఉంది. మలయాలో కమ్యూనిస్టు గెరిల్లాలను ఒంటరి చేయడానికి బ్రిటిష్ వాళ్ళు పల్లెలను కంచెల మధ్యకు మార్చిన బ్రిగ్స్ పథకంతో ఆయన దీన్ని పోల్చారు. సోయం గంగులు లాంటి మన వీరుల గురించి పాటలు, సభలు ఉన్నాయి, అది న్యాయమే. క్యాంపుల్లో జబ్బు చేసి పోయినవాళ్ళకు పాట లేదు, స్తూపం లేదు. వాళ్ళు తుపాకీ పట్టలేదు. ఊరు నుంచి తోలితే వచ్చారు. కొత్త నీళ్ళు పడక, గింజలు చాలక పోయారు.

మా ముత్తాత అలా పోయినవాడు. నాయనమ్మకు అప్పుడు పెళ్ళయి ఏడాది. “వాంతులు పట్టుకున్నయి. రెండు రోజులకే. బయటికి పోనియ్యలే, ఊరికి తీస్కపోనియ్యలే, దినాలు సెయ్యనియ్యలే,” అని ఆమె చెప్పిన మాటలు మా చెల్లెలు ఫోనులో రికార్డు చేసి ఉంచింది. ఆ రికార్డు లేకపోతే నా దగ్గర ఏమీ ఉండేది కాదు. అందులో ఆమె “సెరువు కట్ట కింద” అంటుంది. ఏ చెరువు అన్నది అడగాలని ఎవరికీ తట్టలేదు.

క్యాంపు ఉన్న ఊరు తెలిసింది. అక్కడ తొంభైకి దగ్గర పడిన ఇద్దరు పెద్దవాళ్ళను కలిశాను. ఒకాయన ఇప్పుడు జామాయిల్ తోట ఉన్న దిబ్బ చూపించాడు. ఇంకో పెద్దమ్మ, “కాదయ్యా, రోడ్డు ఏసిన కాడ,” అంది. రెండు చోట్లకూ చెరువు కట్ట దగ్గరే. ఆ పెద్దమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. ఒక్కొక్కరికి వేరే గుంత తీయలేదట, వానలు పడుతున్నాయి, కట్టెలు లేవు, అందుకని కాల్చనూ లేదట. జామాయిల్ తోట యజమాని మంచిగానే మాట్లాడాడు, లోపలికి వెళ్ళి చూసుకోమన్నాడు. చూసేది ఏముంది? వరుసగా చెట్లు, కింద ఎండుటాకులు. నేను చెప్పులు విప్పి కాసేపు నిలబడి వచ్చాను.

అమ్మమ్మ వైపు కథ ఇంకో రకం. అక్కడ రాళ్ళు ఉన్నాయి, ఎవరివో కూడా తెలుసు. పోలవరం ప్రాజెక్టు పూర్తి నీటి మట్టం 150 అడుగులు. ఆ లెక్కకు లోబడే ఊళ్ళతో పాటు రాళ్ళు, చింతచెట్లు, వేల్పుల చోట్లు అన్నీ మునుగుతాయి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చినప్పుడు, 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చినప్పుడు నీళ్ళు వచ్చాయి, పోయాయి. బురద కడిగితే రాళ్ళు కనబడ్డాయి. ఈసారి వచ్చే నీళ్ళు పోయేవి కావు. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూలు ప్రకారం పునరావాస కాలనీలో ఆయా కులాల, తెగల పద్ధతికి తగ్గట్టు శ్మశానం ఇవ్వాలి. కొత్తగా పోయేవాళ్ళకు అది సరిపోతుంది. ఇప్పటికే పోయినవాళ్ళ సంగతి ఏ షెడ్యూలులోనూ లేదు. మా మేనమామ తన తండ్రి రాయిని ట్రాక్టరులో కాలనీకి తీసుకుపోతానంటాడు. రాయిని కదపకూడదని వడ్డె అంటాడు. ఇద్దరి మధ్య మాటలు లేవు ఇప్పుడు.

బంధువులు ఈ వెతుకులాట చూసి, “చచ్చినోళ్ళ రాళ్ళతో ఏం పని, బతికినోళ్ళకు పట్టా రావట్లేదు,” అన్నారు. వాళ్ళకు నేను చూపించింది అటవీ హక్కుల చట్టం నియమాలు. 2006 చట్టం కింద 2008 జనవరి 1న వచ్చిన నియమాల్లో 13వది చదవండి. హక్కుకు సాక్ష్యంగా ఏవి పనికొస్తాయో అందులో ఉంది. ప్రభుత్వ కాగితాలు, గెజెటీర్లు, సర్వే రికార్డులు సరే. వాటితో పాటు బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు లాంటి పాత కట్టడాలు కూడా సాక్ష్యమే. పాత భూమి రికార్డుల్లో పేరున్న మనిషి దాకా వెళ్ళే వంశవృక్షం సాక్ష్యమే. దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళు కాకుండా వేరే పెద్దలు చెప్పింది రాసుకున్నా సాక్ష్యమే. వీటిలో ఒకటి కంటే ఎక్కువ చూడాలని కూడా నియమం చెబుతోంది. అంటే డోలి పెద్ద పాడిన వరుస, పశువుల కాపరి చూపించిన రాళ్ళు, ముసలమ్మ చెప్పిన మాట, ఈ మూడూ గ్రామసభ తీర్మానంలో రాస్తే అవి కాగితమే. ఉపగ్రహ చిత్రంలో చెట్లు ఉన్నాయి కాబట్టి పోడు లేదని తిప్పి పంపిన దరఖాస్తులు మన దగ్గర ఎన్ని లేవు! ఆ చెట్ల కింద మనవాళ్ళు ఉన్నారని చెప్పే చోటు ఆ నియమమే.

మా ఊరు గ్రామసభలో ఆ పని చేశాం. పాత ఊరి చోటు, చింతచెట్లు, పదకొండు రాళ్ళు, ఒక్కోటి ఎవరిదో, ఏ గట్టువారిదో, ఎవరు చెప్పారో రాశాం. ఫోనులో జీపీఎస్ పెట్టి గుర్తులు పెట్టాం. పదకొండింటిలో ఏడుగురి పేర్లే దొరికాయి. మిగిలిన నాలుగింటి ఎదురుగా “పెద్దలు” అని రాశాం. దరఖాస్తు వెళ్ళి రెండేళ్ళయింది, ఇంకా కమిటీ దగ్గరే ఉంది. మీ ఊళ్ళో ఈ పని మొదలుపెడితే ఒక జాగ్రత్త. రాళ్ళు ఎక్కడున్నాయో అందరికీ కనబడేలా ఫేస్‌బుక్‌లో పెట్టకండి. రాయి కింద బంగారం ఉందనుకునే వెర్రివాళ్ళు ఎప్పుడూ ఉంటారు. గ్రామసభ పుస్తకంలో ఒకటి, వేల్పు ఇంట్లో ఒకటి ఉంటే చాలు.

ముత్తాత విషయం డోలి పెద్దాయనకు చెప్పాను. రెండు చోట్లు చెబుతున్నారని, ఏది నిజమో తేలలేదని. ఆయన వెంటనే ఏమీ అనలేదు. చుట్ట వెలిగించుకుని, “ఆయన తండ్రి రాయి యాడుంది?” అని అడిగాడు. పాత ఊళ్ళో ఉంది, ఆ పదకొండింటిలో అదొకటి. “మరి కొడుకు యాడికి పోతడు? పేరు పెట్టి పిలిస్తే తండ్రి కాడికే వస్తడు,” అన్నాడు.

మొన్న మాఘమాసంలో పాత ఊరికి వెళ్ళాం. రెండు ట్రాక్టర్లలో నలభై మందిమి. జామాయిల్ తోట నుంచి పిడికెడు, రోడ్డు పక్క నుంచి పిడికెడు మట్టి తెచ్చాను. ఏది ఆయనదో తెలియదు కాబట్టి రెండూ ఒకే గుడ్డలో కట్టాను. వాగులో మా చిన్నాయన, బావ కలిసి ఒక రాయి ఎంచారు, మోకాలి ఎత్తు ఉంటుంది. డోలి మోగింది, పడిగె విప్పారు. పెద్దాయన మొదటి నుంచి పాడుకుంటూ వచ్చి, ముత్తాత తండ్రి పేరు, తర్వాత ముత్తాత పేరు పిలిచాడు. ఈసారి ఆగి అడగలేదు. మా అన్న కొడుకు, అదే పేరున్నవాడు, ఎనిమిదేళ్ళ వాడు, తనను పిలుస్తున్నారనుకుని “ఆ” అన్నాడు. అందరూ నవ్వారు, మా నాన్న ఒక్కడు తప్ప. రాయి పాతిన గుంతలో మట్టి వేసి, ఇప్పసారా పోశాం. దాని పక్కనే నాయనమ్మ రాయి ఉంది. కాస్త అవతల, పాత గుడిసె చూరు ఉండేదని నాన్న చెప్పే చోట, ఏ గుర్తూ లేదు. అక్కడ కూడా రెండు చుక్కలు పోసి వచ్చాం.